ఫోన్ పిల్లకు రాసిన మాటలు

రూత్ రాసింది ఎవరూ చదివేవాళ్లు కాదు. దాన్ని ఆమె బాధగా చెప్పుకునేది కూడా కాదు, ఆ ఉద్యోగం తీరే అంత. ఏ సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాయడం ఆమె పని. మాదాపూర్‌లో పెద్ద కంపెనీలో ఉన్నప్పుడు బ్యాంకులకు రాసింది, బీమా ఆఫీసులకు రాసింది, ఒకసారి లిఫ్టులు బాగుచేసేవాళ్లకు కూడా రాసింది. నెలల తరబడి కూర్చుని, ఒక్కో వాక్యాన్ని తిప్పి తిప్పి చూసుకుని రాసేది. తీరా చూస్తే జనం ఆ పుస్తకం తెరవరు. ఏదైనా అర్థం కాకపోతే పక్క కుర్చీలో ఉన్నవాణ్ణి అడుగుతారు. వాడు తనకు తోచింది చెప్తాడు. పని అటో ఇటో నడిచిపోతుంది.

పాప పుట్టాక రోజూ మాదాపూర్ దాకా బస్సులు మారి పోవడం ఆమె వల్ల కాలేదు. ఇబ్రహీంపట్నంలో ఇంటికి దగ్గరని, బొంగులూరు గేటు దగ్గర టైల్స్ షాపు పైన ఉన్న సంజీవ ఆఫీసులో చేరింది. సంజీవ యాచారం మనిషి. బెంగళూరులో కొన్నాళ్లు పనిచేసి వచ్చి, సొంతంగా చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టుకున్నాడు. బుర్ర పాదరసం, ఓపిక మాత్రం తక్కువ.

ఆ కంపెనీకి ఉన్న పెద్ద పని ఒక్కటే. ఇబ్రహీంపట్నంలోనూ మహేశ్వరంలోనూ ఒక ట్రస్టు వాళ్లు డయాలసిస్ సెంటర్లు నడుపుతున్నారు. కిడ్నీలు పనిచేయనివాళ్లు వారానికి మూడుసార్లు అక్కడికి వచ్చి, మిషన్ పక్కన నాలుగ్గంటలు పడుకుని రక్తం శుద్ధి చేయించుకుని పోతారు. ఊళ్ల నుంచి వాళ్లను తేవడానికి ట్రస్టుకు వ్యాన్లున్నాయి. ఎవరు ఏ రోజు, ఏ పూట, ఏ వ్యాన్‌లో అన్నది మొదట్లో హెడ్ నర్సు భూలక్ష్మి ఒక్కతే చూసుకునేది. ఒక చేత్తో సూది పట్టుకుని, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని మాట్లాడుతుండేది.

ఆ ఫోన్ బరువు దించడానికి సంజీవ ఒక ఏఐ ఏజెంట్‌ను తయారుచేశాడు. అది ఫోన్ ఎత్తి తెలుగులో మాట్లాడుతుంది. మాట్లాడి ఊరుకోదు, పని కూడా చేస్తుంది. ఖాళీ చూడటానికి ఒక టూల్, రోజు మార్చడానికి ఒకటి, వ్యాన్ పంపడానికి ఇంకొకటి, ఇలా వడ్రంగి సంచిలో ఉలీ సుత్తీ ఉన్నట్టు దాని దగ్గర కొన్ని టూల్స్ ఉంటాయి. అవతలి మనిషి మాట విని, ఏ టూల్ తీయాలో అదే నిర్ణయించుకుంటుంది. దాని గొంతు ఆడపిల్ల గొంతు కావడంతో పేషెంట్లు దానికి ఫోన్ పిల్ల అని పేరు పెట్టుకున్నారు.

నర్సులు ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎలా చూసుకోవాలో రూత్ చక్కగా ఒక పుస్తకం రాసిచ్చింది. భూలక్ష్మి దాన్ని నర్సుల గదిలో ఫ్రిజ్ మీద పెట్టింది. అది అక్కడే ఉండిపోయింది.

రెండు నెలలు అంతా బాగానే నడిచింది. తరవాత ఈదమ్మ సంగతి జరిగింది.

ఈదమ్మది మన్నెగూడ దగ్గరి పల్లె. అరవై దాటిన మనిషి, సోమ, బుధ, శుక్రవారాలు ఆమెవి. ఆ వారం బుధవారం మనవరాలిని ఒడిలో కూర్చోబెట్టుకుని చెవులు కుట్టించాలి. ఫోన్ పిల్లకు ఫోన్ చేసి, "బిడ్డా, బుధవారం నా పేరు తీసెయ్యి, శుక్రవారం వస్త" అన్నది. ఆ చివరి మాట అనే సమయానికి వీధిలో డప్పుల మోత. ఫోన్ పిల్లకు వినపడింది 'నా పేరు తీసెయ్యి' అన్నంతవరకే. "సరే అమ్మా, తీసేశాను" అన్నది. నిజంగానే తీసేసింది. బుధవారం ఒక్కటే కాదు, సెంటర్ పట్టికలోంచి ఈదమ్మ పేరు మొత్తానికే తీసేసి, ఆ మిషన్‌ను వెయిటింగ్‌లో ఉన్న వేరే మనిషికి ఇచ్చేసింది.

శుక్రవారం వ్యాన్ రాలేదు. ఈదమ్మ గుమ్మంలో కూర్చుని, బండి ఎక్కడో ఆగిందేమో అనుకున్నది. సెంటర్‌లో భూలక్ష్మి, పట్టికలో ఈదమ్మ పేరు లేకపోవడం చూసి, కొడుకు పట్నం తీసుకుపోయి ఉంటాడు, అక్కడే వేరే దవాఖానలో చేర్పించి ఉంటాడు అనుకున్నది. ఆదివారం నాటికి ఈదమ్మ కాళ్లు, మొహం ఉబ్బి, ఊపిరాడక కూర్చుండిపోయింది. కొడుకు ఎల్లేశ్ ఆమెను కారులో వేసుకుని నగరంలో పెద్ద దవాఖానకు పరుగెత్తాడు. ప్రాణం దక్కింది. కానీ సోమవారం పొద్దున ఎల్లేశ్ సెంటర్‌కు వచ్చి నిలబడ్డాడు. కేకలు వేయలేదు.

"మా అమ్మను తీసెయ్యుమని ఎవరు చెప్పిన్రు?" అని మాత్రం అడిగాడు.

ట్రస్టు కార్యదర్శి రామచంద్రయ్య అదే రోజు ఫోన్ పిల్లను ఆపించేశాడు. భూలక్ష్మి భుజం మీదికి ఫోన్ మళ్లీ ఎక్కింది.

సంజీవ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మూడో రోజు ఆఫీసుకు వచ్చి, తప్పు ఏఐ తెలివిలో ఉందని తేల్చాడు. ఇంకా పెద్ద ఏఐ, కొత్తగా వచ్చింది, అందరూ మెచ్చుకుంటున్నది తీసుకొచ్చి పాతదాని జాగాలో పెట్టాడు. అసలు పట్టికకు సంబంధం లేకుండా, ఒక నకలు పెట్టి పరీక్ష మొదలుపెట్టాడు. రూత్ పక్కనే కూర్చుంది. సంజీవే ఈదమ్మ మాట అన్నాడు: "బుధవారం నా పేరు తీసెయ్యి."

కొత్త ఏజెంట్ పాతదానికంటే మర్యాదగా మాట్లాడింది. ఆరోగ్యం జాగ్రత్త అని కూడా చెప్పింది. చెప్పి, పేరు మొత్తానికే తీసేసింది.

సంజీవ కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "ఇంత తెలివైంది, గింత మాట అర్థం కాదా?"

"అన్నా," అన్నది రూత్, "ఆ టూల్స్ గురించి దానికి మనం ఏం చెప్పినం? నేను జర చూడొచ్చా?"

అతను స్క్రీన్ తిప్పి చూపించాడు. ఒక్కో టూల్‌కు పేరు, కింద ఇంగ్లిష్‌లో ఒక్క వాక్యం. 'క్యాన్సిల్: సెషన్‌ను రద్దు చేస్తుంది.' 'రిమూవ్: పేషెంట్‌ను పట్టిక నుంచి తీసేస్తుంది.' అంతే. రద్దు చేస్తే ఆ ఒక్క రోజుకే రద్దవుతుందని ఎక్కడా లేదు. తీసేస్తే ముందున్న రోజులన్నీ పోతాయనీ, ఆ మిషన్ వేరేవాళ్లకు వెళ్లిపోతుందనీ ఎక్కడా లేదు. మనిషి చనిపోతేనో, ఇంకో ఊరికి వెళ్లిపోతేనో మాత్రమే అది వాడాలని సంజీవకు తెలుసు, భూలక్ష్మికి తెలుసు. వాళ్లకు అది ఎంత బాగా తెలుసంటే, రాయాలని ఎవరికీ తట్టలేదు.

"పెద్దమ్మ తీసెయ్యి అన్నది," అన్నది రూత్ మెల్లగా. "మనం కూడా తీసేస్తుంది అనే రాసినం. మాటకు మాట కలిసింది. దాని తప్పేమున్నదన్నా ఇందుల?"

ఆమెకు ఇంకో అనుమానం వచ్చింది.

"ఇది మనం రాసింది నిజంగ చదువుతదా?"

"చదువుడే దాని పని. ఫోన్ ఎత్తిన ప్రతిసారి మొదలు నుంచి చివరి దాక చదువుతది. ఒక్క అక్షరం ఇడ్సిపెట్టది."

రూత్ ఇన్నేళ్లు రాసింది. బ్యాంకులకు, బీమాకు, లిఫ్టులకు. ప్రతి అక్షరం చదివి, చదివినదాన్ని చదివినట్టు నమ్మి, అలాగే చేసే పాఠకులు ఒక్కరు దొరికితే చాలనుకుని ఒకప్పుడు ఆశపడేది. ఇప్పుడు దొరికింది ఈ ఫోన్ పిల్ల, దాని చేతిలో మనుషుల ప్రాణాలున్నాయి.

"ఈ పని నాకియ్యన్నా," అన్నది.

"మాన్యువల్ రాసినట్ట?"

"అవ్. కానీ ఇది చదివేదానికి."

రామచంద్రయ్యను ఒప్పించింది భూలక్ష్మే. "సార్, నాకున్నవి రెండే చేతులు. ఒక నెల చూద్దాం. నకలు పట్టిక మీదనే ఆడుకుంటరు, అసలుది ముట్టుకోరు" అని చెప్పింది. ఆయన అయిష్టంగానే సరేనన్నాడు.

రూత్ మొదటి ప్రయత్నం బోల్తా కొట్టింది. అదీ చెప్పాలి. ఇన్నాళ్లకు చదివేవాళ్లు దొరికారన్న ఉత్సాహంలో ఆమె అన్నీ రాసేసింది. ప్రతి టూల్ కింద పేజీలకు పేజీలు. జాగ్రత్తలు, వాటికి మినహాయింపులు, మినహాయింపులకు మళ్లీ జాగ్రత్తలు. ఫలితం ఏమయిందంటే ఫోన్ పిల్లకు భయం పట్టుకున్నట్టయింది. వ్యాన్ ఎప్పుడొస్తుందని అడిగిన మనిషిని కూడా ఊరూ పేరూ, మిషన్ నంబరూ, ఈ ప్రశ్న మీ కోసమేనా, ఇంట్లోవాళ్ల కోసమా అని అడగసాగింది. భూలక్ష్మి సరదాగా ఫోన్ చేసి చూసి, సగంలోనే పెట్టేసింది.

"ఏందే రూత్, ఇది ఫోన్ పిల్లనా, పోలీస్ టేషనా?" అన్నది.

రూత్ నవ్వింది గానీ మనసులో చిన్నబోయింది. ఆ సాయంత్రం సంజీవ ఆఫీసు నుంచి ఇంటికి స్కూటీ మీద వస్తూ ఆలోచించింది. కొత్తగా పనిలో చేరిన తెలివైన మనిషికి మనం ఏం చెప్తాం? అన్నీ చెప్పం. వాళ్లకు లోకం తెలుసు, మన ఇంటి సంగతులు తెలియవు. ఈ బిందె తాగే నీళ్లది, ఆ బిందె వాడుకునేది, రెండూ ఒకేలా ఉంటాయి, చూసుకో అని చెప్తాం. పొరపాటు జరిగే చోటే చెప్తాం. మిగతాది వాళ్లే చూసుకుంటారు.

మర్నాటి నుంచి ఆమె ఇంటి సంగతులు ఏరడానికి సెంటర్‌లోనే కూర్చుంది. భూలక్ష్మి పని చేస్తుంటే పక్కన స్టూల్ వేసుకుని అడిగేది. ఇది ఎప్పుడు చేస్తవక్కా, ఎప్పుడు చెయ్యవు? చేసినంక ఏం మారతది? మారింది వెనక్కి తేవచ్చా? భూలక్ష్మికి మొదట విసుగొచ్చింది, తరవాత తనే ఆపి మరీ చెప్పడం మొదలుపెట్టింది.

"ఇగో, మూలకున్న రెండు మిషన్లు చూసినవా? కామెర్ల వైరస్ ఉన్నోళ్లకు గవే. వేరేటోళ్లను వాటి మీద పండవెట్టద్దు, వాళ్లను వేరేవాటి మీద పండవెట్టద్దు. ఒకళ్లది ఒకళ్లకు అంటుకుంటది."

"గది ఫోన్ పిల్లకు తెలుసా అక్కా?"

భూలక్ష్మి సూది పట్టుకున్న చేతిని అలాగే ఆపి ఆమె వైపు చూసింది. "మనం చెప్పకుంటే దానికెట్ల తెలుస్తది?"

ఖాళీ చూపించే టూల్‌లో ఆ తేడానే లేదు. అన్ని మిషన్లూ ఒకటే అన్నట్టు చూపిస్తుంది. ఇన్నాళ్లూ ఏ ప్రమాదం జరగకపోవడం భూలక్ష్మి కళ్లు తెరుచుకుని ఉండటం వల్లే. ఆ రోజే సంజీవ వచ్చి కూర్చుని టూల్‌నే మార్చాడు. మాటలతో సర్దగలిగేది కొంతే, కొన్నిచోట్ల పనిముట్టే మారాలి అని రూత్ అంటే ఈసారి అతను వాదించలేదు.

'రిమూవ్' దగ్గర మాత్రం గట్టిగానే వాదించాడు. రూత్ ఆ టూల్‌ను ఫోన్ పిల్ల చేతిలోంచి తీసేయమంది.

"అన్నీ అదే చెయ్యాలె అనే కదా మనం చేసింది? ఒక్కటి తీసేస్తే సగం పనే అయితది," అన్నాడు.

"మనిషిని మొత్తానికి తీసేసుడు ఏడాదికి ఎన్నిసార్లు అక్కరపడతదన్నా? గది భూలక్ష్మక్క చేస్తది. పిల్లకు కావాల్సింది ఒక్కరోజు సెలవు పెట్టుడు. దాని పేరే గట్ల పెడదాం."

అతను సరేనన్నాడు. క్యాన్సిల్ పోయి 'ఒక్కరోజు సెలవు' వచ్చింది. దాని కింద రూత్ రాసింది ఇంత: 'పేషెంట్ ఒక రోజు రాలేనన్నప్పుడు వాడు. ఆ ఒక్క సెషనే పోతుంది, మిగతా రోజులు అలాగే ఉంటాయి. పేషెంట్లు తీసెయ్యి, ఎత్తెయ్యి, కొట్టెయ్యి అంటారు. దాదాపు ఎప్పుడూ ఒక్క రోజు గురించే అంటారు. సెలవు పెట్టేముందు, మళ్లీ ఏ రోజు వస్తారో చెప్పి అవునా అని అడుగు. ఇక ఎప్పటికీ రానంటే నువ్వేమీ మార్చకు, ఫోన్ హెడ్ నర్సుకు కలుపు.'

టూల్ పని చేయనప్పుడు వచ్చే సందేశాలను కూడా ఆమె వదల్లేదు. అంతకుముందు ఏదైనా కుదరకపోతే టూల్ ఒక అంకె మాత్రం చూపించేది. ఆ అంకెను చూసి ఫోన్ పిల్ల ఏం చేయాలో తెలియక, అయిపోయిందని అబద్ధం చెప్పేసిన సందర్భాలు పాత ఫోన్ రికార్డుల్లో దొరికాయి. ఆ అంకె ఉన్నచోట ఆమె మాటలు రాసింది. ఏం జరగలేదు, ఎందుకు జరగలేదు, పేషెంట్ పాత టైమ్ ఇంకా ఉందా పోయిందా, ఇప్పుడు నువ్వేం చేయాలి.

రాశాక, పేషెంట్లనే పరీక్ష పెట్టమంది. వెయిటింగ్ హాల్లో వ్యాన్ కోసం కూర్చున్నవాళ్లకు నకలు పట్టికకు కలిపిన ఫోన్ ఇచ్చి, మీ ఇష్టం వచ్చినట్టు మాట్లాడండి, పిల్లను తికమక పెట్టండి అని చెప్పింది. వాళ్లకు పండగలా తోచింది. భిక్షం అనే రిటైర్డ్ కండక్టర్, "నన్ను ఎల్లుండికి కొట్టెయ్, అవతలెల్లుండికి ఎక్కించుకో, టికెట్ మాత్రం ఇయ్యాల్టిదే" అన్నాడు. ఒకామె తన రోజు మార్చమని అడిగి, మధ్యలో కోడలి మీద చాడీలు చెప్పి, చివరికి ఏ రోజు కావాలో చెప్పకుండా పెట్టేసింది. తడబడిన చోటల్లా రూత్ ఒక మాట మార్చేది, లేదా ఒక మాట తీసేసేది. కలిపిన మాటలకంటే తీసేసినవే ఎక్కువ.

ఈదమ్మ మాత్రం దూరంగా కూర్చునేది. ఆమె మళ్లీ సెంటర్‌కు వస్తున్నది గానీ ఆ ఫోన్ వంక చూసేది కాదు. ఒకరోజు రూత్ వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

"పెద్దమ్మా, నిన్ను మాట్లాడుమని అడుగను. నీకు గట్ల అయినంక నేను రాసిన. తప్పున్నదో లేదో నీకంటె బాగ ఎవరు చూస్తరని వచ్చిన, అంతే."

ఈదమ్మ చెయ్యి చాచింది. ఫోన్ అందుకుని, హాలంతా వినేలా అన్నది: "బుధవారం నా పేరు తీసెయ్యి."

"అమ్మా, బుధవారం ఒక్కరోజు సెలవు పెడుతున్నా. శుక్రవారం ఎప్పటిలాగే పొద్దున వ్యాన్ మీ ఇంటికొస్తుంది. అవునా?" అన్నది ఫోన్ పిల్ల.

ఈదమ్మ ఊరుకోలేదు. "కాదు, మొత్తమే తీసెయ్యి. నేనింక రాను."

"మొత్తానికి తీసేసే పని నేను చేయనమ్మా. మీ పేరు అలాగే ఉంది. భూలక్ష్మి సిస్టర్‌తో మాట్లాడండి, కలుపుతున్నా."

నర్సుల గదిలో ఫోన్ మోగింది. భూలక్ష్మి ఎత్తి "హలో" అనడం తలుపులోంచి వినపడింది. హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. ఈదమ్మ కొట్టలేదు. ఫోన్ రూత్ చేతిలో పెట్టి, "ఇప్పుడు మాట వింటున్నది" అన్నది. రూత్‌కు అంతకంటే పెద్ద సర్టిఫికెట్ అక్కర్లేకపోయింది.

అసలు పరీక్ష వానాకాలంలో వచ్చింది. ఫోన్ పిల్ల మళ్లీ పనిలో చేరి కొన్ని వారాలే అయింది. రామచంద్రయ్యకు ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదు, వారం వారం వచ్చి అడిగి పోతున్నాడు. ఒక శుక్రవారం పొద్దున్నే ఇబ్రహీంపట్నం సెంటర్‌లో నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు ఆగిపోయింది. మోటారు కాలింది. డయాలసిస్‌కు ఆ నీళ్లే ప్రాణం, అవి లేకపోతే ఒక్క మిషన్ తిరగదు. బాగుచేసేవాళ్లు మధ్యాహ్నం దాటాక గానీ కాదన్నారు. అప్పటికే వ్యాన్లు బయలుదేరడానికి సిద్ధంగా ఉన్నాయి. సంజీవ ఢిల్లీ విమానంలో ఉన్నాడు, ఫోన్ కలవదు.

భూలక్ష్మి రూత్‌కు ఫోన్ చేసింది. ఆమె పాపను భర్త వినోద్ కుమార్ చేతిలో పెట్టి వచ్చేసరికి, సెంటర్ వరండాలో రామచంద్రయ్య అటూ ఇటూ నడుస్తున్నాడు.

"ఇంతమందికి ఎవరు ఫోన్లు చేస్తరు? ఎవరిని ఎక్కడికి పంపుతరు?" అన్నాడు.

"ఎవరు ఆగొచ్చు, ఎవరు ఆగొద్దు అనేది నేను చెప్త," అన్నది భూలక్ష్మి. "ఆగలేనోళ్లు మహేశ్వరం పోవాలె. మిగిలినోళ్లు సాయంత్రం ఈడికే రావాలె."

"మిగతాది పిల్ల చూస్తది సార్," అన్నది రూత్.

భూలక్ష్మి చెప్పినట్టు ఫోన్ పిల్లకు ఆదేశం ఇచ్చారు. అది ఒకేసారి చాలామందికి ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. నర్సుల గదిలో స్క్రీన్ మీద ప్రతి మాటా పడుతుంటే ముగ్గురూ నిలబడి చూశారు. ఫోన్ పిల్ల ఎవరికీ భయం పుట్టించలేదు. ఆగలేనివాళ్లకు, నీళ్ల మిషన్ చెడింది, మీ డయాలసిస్ ఆగదు, ఈరోజు మహేశ్వరంలో జరుగుతుంది, వ్యాన్ మీ ఇంటికే వస్తుంది అని మొదట చెప్పి, తరవాతే కుదురుతుందా అని అడిగింది.

కాసేపటికి మహేశ్వరంలో పొద్దుటి పూట నిండిపోయింది. టూల్ కుదరదన్నది. పాత ఫోన్ పిల్ల అయితే ఇక్కడే, అయిపోయిందమ్మా, పొండి అని మనిషిని పంపించేది. స్క్రీన్ మీద మాటలు పడ్డాయి: 'అన్నా, ఆ పూట నిండిపోయింది. మీ పేరు ఎక్కడికీ పోలేదు. పన్నెండింటికి ఒకటి ఖాళీ ఉంది, మీకు కుదురుతుందా?' అవతల భిక్షం, 'పన్నెండింటికైతే తిని వస్త' అన్నాడు.

అదంతా దాటాక ఒక ఫోన్ దగ్గర ఆగింది. ఆ పేషెంట్ మంచాల నుంచి వస్తాడు, కామెర్ల వైరస్ ఉన్న మనిషి, ఆగలేనివాడు. మహేశ్వరంలో మధ్యాహ్నం ఖాళీలున్నాయి గానీ వేరు మిషన్ ఖాళీ లేదు. ఫోన్ పిల్ల అతనికి ఏమీ ఖాయం చేయలేదు. 'ఒక్క నిమిషం అన్నా, మీకు సరిపడే మిషన్ సంగతి సిస్టర్‌ను అడగాలి' అని, ఫోన్ భూలక్ష్మికి కలిపింది. భూలక్ష్మి తనకు తెలిసిన ఇంకో దవాఖానకు ఫోన్ చేసి, వేరు మిషన్ ఉందని రూఢి చేసుకుని, అతన్ని అక్కడికి పంపింది.

రామచంద్రయ్య స్క్రీన్ ముందు నుంచి కదల్లేదు. "దానికి ఆగాలని ఎట్ల తెలిసింది?" అని అడిగాడు.

"రూత్ రాసింది సార్," అన్నది భూలక్ష్మి. "ఎక్కడ ఆగాలె, ఎవరిని అడగాలె అని రాసింది. అది చదివింది."

మధ్యాహ్నం మోటారు మారింది. సాయంత్రానికి ఇబ్రహీంపట్నంలో మిషన్లన్నీ మళ్లీ తిరిగాయి. వాన పడుతూనే ఉంది, వ్యాన్లు బురద చిమ్ముకుంటూ వచ్చాయి, పోయాయి. ఆ రోజు ఇబ్రహీంపట్నం పట్టికలో ఉన్న ఒక్క మనిషికి కూడా డయాలసిస్ తప్పలేదు. చివరి మిషన్ ఆగినప్పుడు భూలక్ష్మి గ్లవ్స్ తీసి పడేసి, రూత్‌ను పట్టుకుని ఊపేసింది. "గెలిచినవ్ పో" అన్నది. రూత్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రాత్రి ఢిల్లీ నుంచి రూత్‌కు ఫోన్ చేసిన సంజీవ, జరిగిందంతా విని, "నేనుంటే మధ్యల వేలు పెట్టి ఖరాబు చేసేటోణ్ణి" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

తరవాతి వారం ట్రస్టు వాళ్ల మీటింగులో రామచంద్రయ్య, ఫోన్ పిల్లను కొత్తగా తెరవబోయే సెంటర్లన్నిటిలో పెడతామని ప్రకటించాడు. సంజీవను వివరించమన్నారు. అతను లేచి, "వివరించాల్సింది నేను కాదు" అని రూత్‌కు మైకు ఇచ్చాడు. ఆమెకు సభల్లో మాట్లాడే అలవాటు లేదు. సూటిగా చెప్పింది.

"మా పని చిన్నదే. ఏ టూల్ అయినా బయటికి పోయేముందు నాలుగు మాటలు రాస్తం. ఇది ఏం చేస్తది, ఎప్పుడు వాడాలె, ఎప్పుడు వాడొద్దు, కుదరకపోతే ఏం చెయ్యాలె. రాసింది పేషెంట్లు మాట్లాడి చూడందే సాగనియ్యం. ఈ షరతు మీకు ఒప్పుదలైతేనే కొత్త సెంటర్లకు ఇస్తం."

షరతు అనే మాట వినగానే సంజీవ ఉలిక్కిపడి చూశాడు. రామచంద్రయ్య మాత్రం తల ఊపి, అది ఒప్పందంలో రాయించమన్నాడు.

ఇప్పుడు టైల్స్ షాపు పైన రూత్‌కు సొంతంగా ఒక గది ఉంది. ఆమె దగ్గర రాయడం నేర్చుకోవడానికి అంకిత అని ఒకమ్మాయి చేరింది, తెలుగు ఎమ్మే చదివింది, కోడింగ్ రాదు. మొదటి రోజు అంకిత భయపడుతూ, తను రాసినవి ఎవరైనా చదువుతారా అని అడిగింది. రూత్ ఒక టూల్ కింద తను రాసిన వాక్యం తెరిచి, అందులో ఒక్క మాట మార్చి, ఫోన్ పిల్లకు కాల్ కలిపి ఆ అమ్మాయి చేతికిచ్చింది.

"మాట్లాడి చూడు," అన్నది.

అంకిత మాట్లాడింది. మారిన ఆ ఒక్క మాటకు ఫోన్ పిల్ల జవాబు మారిపోవడం విని, ఆ అమ్మాయి కళ్లు పెద్దవయ్యాయి. కుర్చీ దగ్గరికి లాక్కుని, కీబోర్డు ముందుకు జరుపుకున్నది.